సముద్రతీర మిన్షుకులలో జపనీయుల ఇంటి పండుగలు: ఏ ఋతువులో వెళ్ళడం మేలు?

సాగరతీరం (చర్చ ప్రారంభించినవారు):
వచ్చే ఏడాది మా అమ్మానాన్నలను, పిల్లలను జపానుకు తీసుకువెళ్ళాలని అనుకుంటున్నాము. పెద్ద హోటళ్ళలో కాకుండా, సముద్రపు ఒడ్డున ఒక కుటుంబం తమ ఇంట్లోనే నడుపుకొనే మిన్షుకులో బస చేసి, ఆ ఇంటివారు పండుగ ఎలా చేసుకుంటారో దగ్గరగా చూడాలన్నది మా కోరిక. కొత్త సంవత్సరానికి వెళ్ళడం మంచిదా, ఆగస్టులో పితృదేవతలను ఆహ్వానించే ఒబోన్‌కు వెళ్ళడం మంచిదా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. మా అమ్మగారు శాకాహారి.

కన్సాయి ప్రవాసి:
నా మొగ్గు కొత్త సంవత్సరం వైపే. డిసెంబరు 31 రాత్రి ఇంటివారితో పాటు అతిథులకు కూడా సోబా అనే సన్నని నూడుల్స్ వడ్డిస్తారు. మరునాటి ఉదయం లక్క పూత పెట్టెలలో అమర్చిన ఒసెచి వంటకాలు వస్తాయి. సంతానవృద్ధికి హెర్రింగ్ చేప గుడ్లు, ఆరోగ్యంగా కష్టపడి పనిచేసే శక్తికి నల్ల సోయా గింజలు, నడుము వంగేంత వయసు వరకు బ్రతకాలని రొయ్యలు; ఇలా ప్రతి పదార్థం వెనుక ఒక కోరిక ఉంటుంది. టోక్యోకు నైరుతిన ఉన్న ఇజు ద్వీపకల్పంలోని పలు రేవులలో జనవరి 2న పడవలకు రంగురంగుల జెండాలు కట్టి, పడవల మీద నుండి ఒడ్డున నిలబడినవారికి కమలాపండ్లు విసురుతారు. పిల్లలకు అంతకంటే మంచి పండుగ దొరకదని నా అభిప్రాయం.

ఆ రోజులలో వీలు కాకపోతే ఇసె-షిమా తీరానికి వెళ్ళండి. మిగిలిన ప్రాంతాలలో జనవరిలోనే తీసివేసే గడ్డితాడు తోరణం అక్కడి గుమ్మాలకు ఏడాది పొడవునా వేలాడుతూనే ఉంటుంది. దాని మధ్యనున్న చెక్కపలక మీద ఇది సోమిన్ షొరాయి వంశీయుల ఇల్లు అని వ్రాసి ఉంటుంది. దారిన పోతూ ఆశ్రయం అడిగిన దేవుడిని ధనవంతుడైన సోదరుడు తిప్పి పంపగా, పేదవాడైన సోమిన్ తన ఇంట్లో ఉంచుకుని ఉన్నంతలో అన్నం పెట్టాడనీ, అందుకు ప్రతిగా ఆ దేవుడు అతని వంశాన్ని రోగాల నుండి కాపాడతానని మాట ఇచ్చాడనీ కథ. బాటసారికి చోటిచ్చినవాడి పేరు గుమ్మం మీద ఉన్న ఇంట్లో అతిథిగా అడుగుపెట్టడం నన్ను ఎంతగానో కదిలించింది.

షొనాన్ తీరవాసి:
ఇసె గురించి చెప్పినది చాలా బాగున్నది కానీ, కొత్త సంవత్సరం సలహాతో నేను ఏకీభవించలేను. దూరప్రాంతాలలో స్థిరపడిన పిల్లలు పుట్టింటికి చేరే రోజులవి. చాలా చిన్న మిన్షుకులు ఆ కొద్ది రోజులు మూసివేస్తారు, తెరిచి ఉంచినవారు ధర పెంచుతారు. ఆగస్టులో పరిస్థితి ఇంకా కష్టం. సముద్రస్నానాలకు వచ్చే జనంతో గదులన్నీ నిండి, తెల్లవారుజాము నుండి వంటగదిలోనే ఉండే ఇల్లాలు 13వ తేదీన దోసకాయకు పుల్లలు గుచ్చి గుర్రంగా, వంకాయకు గుచ్చి ఆవుగా చేసి పితృదేవతల పీఠం ముందు పెట్టడానికే తీరిక చేసుకోవలసి వస్తుంది. మనతో కూర్చుని మాట్లాడే వ్యవధి ఆమెకు ఎక్కడిది?

ఫిబ్రవరి చివరి వారం నుండి మార్చి 3 వరకు, ఇజు తూర్పు తీరంలోని ఇనతొరికి వెళ్ళమని నా సలహా. మార్చి 3 ఆడపిల్లల బొమ్మల పండుగ. చక్రవర్తి, మహారాణి బొమ్మలను మెట్ల మీద అమర్చే ఆచారం దేశమంతటా ఉన్నా, అంత ఖరీదైన బొమ్మలు కొనలేని ఇళ్ళలో తల్లులు, అమ్మమ్మలు పాత కిమోనోల గుడ్డపీలికలతో చిన్న చిన్న బొమ్మలు కుట్టి, ఎర్రని దారాలకు గుచ్చి, మొదటి పండుగ జరుపుకొనే పాప కోసం వేలాడదీసే ఆచారం షోగునులు పాలించిన ఎదో యుగం (1603–1868) చివరి రోజుల నుండి ఇనతొరిలో కొనసాగుతున్నది. ఒక్కొక్క దారానికి 11 బొమ్మల చొప్పున అయిదు దారాలు, అలాంటి గుత్తులు రెండు, మొత్తం 110 బొమ్మలు కుట్టడం అక్కడి పద్ధతి. చెడును పారద్రోలే పీచ్ పండు, మందుల సంచిని సూచించే త్రికోణం, కోతి వీటిలో ముఖ్యమైనవి. ఊరి ప్రదర్శనశాలలో వేలకొద్దీ కనిపిస్తాయి కానీ, బస చేసిన ఇంటి ముందుగదిలో ఆ ఇంటి అమ్మాయి కోసం కుట్టినవి చూసి, ఏ బొమ్మ ఎవరు కుట్టారో అవ్వగారిని అడిగి తెలుసుకోవడం వేరు. ఆ రోజు భోజనంలో ఆల్చిప్పల పులుసు తప్పక ఉంటుంది. ఒక చిప్పకు దాని జతచిప్ప తప్ప మరొకటి అతకదు కనుక, అమ్మాయికి తగిన తోడు దొరకాలని దానిని వండుతారు.

నగోయా విద్యార్థి:
అమ్మగారి భోజనం గురించి ఒక మాట. కూరగాయల వంటకంలో కూడా ఎండుచేపల రసం ఉంటుంది కనుక, శాకాహారి అని మాత్రమే చెబితే సరిపోదు. ఎండుచేపల రసం బదులు కొంబు అనే సముద్రపు నాచు రసం వాడగలరా అని గది తీసుకునే ముందే అడగండి. కుదరదంటే భోజనం లేకుండా గది మాత్రమే ఇచ్చే సుదొమారి పద్ధతిలో ఉండవచ్చు.

నోతో ద్వీపకల్పం కూడా మీ ఆలోచనలో ఉంటే, 2024 జనవరి 1న అక్కడ 7.6 తీవ్రతతో భూకంపం వచ్చిందని గుర్తుంచుకుని, మీరు ఎంచుకున్న ఇల్లు ఇప్పుడు నడుస్తున్నదో లేదో ముందుగా తెలుసుకోండి.

సాగరతీరం:
అందరికీ ధన్యవాదాలు. ఇనతొరి వైపే మా మనసు మొగ్గుతున్నది. అవ్వల కాలం నాటి పాత బొమ్మలు కూడా ఆ ఇళ్ళలో చూడవచ్చునా?

షొనాన్ తీరవాసి:
పాతవి చాలా అరుదు. అమ్మాయి పెద్దదై అత్తవారింటికి వెళ్ళేటప్పుడు వాటిని జనవరి మధ్యలో వేసే మంటలో దహనం చేయడం ఆచారం. మేముండే వైపు ఒఇసొ పట్టణంలో ఆ మంటలను సముద్రపు ఇసుక మీదే వేస్తారు. కొత్త సంవత్సరపు తోరణాలు, దారుమా అనే గుండ్రని అదృష్టపు బొమ్మలు అందులో వేసి, ఆ సెగకు బియ్యప్పిండి ఉండలు కాల్చి తింటే జలుబు రాదని నమ్ముతారు. పిల్లలు ఆ ఏడాది తొలిసారి వ్రాసిన అక్షరాల కాగితం మంట మీద ఎంత ఎత్తుకు లేస్తే దస్తూరి అంత బాగుపడుతుందట. సరిగ్గా మన భోగి రోజులలోనే వచ్చే ఆ మంట దగ్గర నిలబడినప్పుడల్లా నాకు మా ఊరి వీధే గుర్తుకువస్తుంది.

అయితే ఇనతొరి ప్రదర్శన జనవరి మూడవ వారం తరువాత మొదలవుతుంది కనుక రెండూ ఒకే ప్రయాణంలో కుదరవు. పెద్దవారితో వెళుతున్నారు కాబట్టి ఫిబ్రవరి చివరే ఎంచుకోండి. పక్కనున్న కవాజులో ముందుగా పూసే చెర్రీ పూలు కూడా అప్పటికి ఇంకా ఉండవచ్చు. బొమ్మలను మార్చి 3 దాటగానే తీసివేసే ఇళ్ళు ఉన్నాయి, ఆలస్యం చేస్తే అమ్మాయి పెళ్ళి ఆలస్యమవుతుందని వారి నమ్మకం. అందువల్ల గది తీసుకునేటప్పుడే ఇంటి బొమ్మలు ఏ తేదీ వరకు ఉంచుతారో కూడా అడగండి.