చిన్న పడవ కేబిన్‌కి పోర్టబుల్ ఏసీ పనికొస్తుందా, డబ్బు దండగా?

చుక్కాని:
మాది 8 మీటర్ల పాత సెయిల్ బోట్. కేబిన్‌లో ఇద్దరం పడుకుంటాం, వేసవి రాత్రుళ్లు లోపల ఉడికిపోతోంది. ఎక్కువ రోజులు జెట్టీకే కట్టి ఉంటుంది, అక్కడ కరెంటు ఉంది. అప్పుడప్పుడు లంగరేసి బయటే పడుకుంటాం. మెరైన్ ఏసీ కోసం పడవ అడుగున కొత్తగా రంధ్రం కొట్టడం ఇష్టం లేదు. చక్రాలున్న పోర్టబుల్ ఏసీ ఒకటి కొని, దాని గొట్టాన్ని హ్యాచ్‌లోంచి (డెక్ మీదికి తెరుచుకునే మూత) బయటికి పెడితే సరిపోతుందని నా ఆలోచన. 12,000 బీటీయూ (ఏసీ గంటకి తీసేసే వేడి కొలత) అంటే ఒక టన్ను, ఇంత చిన్న కేబిన్‌కి ఎక్కువే కదా? జెట్టీలో సగంమంది కొనెయ్యమంటున్నారు, మిగతా సగం విని నవ్వుతున్నారు. నవ్వేవాళ్లు కారణం మాత్రం చెప్పట్లేదు.

జెట్టీ_వాసి:
నేనూ నవ్వే బ్యాచే, కారణం నేను చెప్తా. ఒక్క గొట్టం ఉన్న పోర్టబుల్ ఏం చేస్తుందంటే, కండెన్సర్‌ని, అంటే వేడిని వదిలే భాగాన్ని, చల్లబరచడానికి కేబిన్‌లో గాలినే పీల్చి, వేడెక్కించి బయటికి తోస్తుంది. అంటే మీరు కరెంటు ఖర్చుపెట్టి చల్లబరిచిన గాలినే బయట పారబోస్తున్నారన్నమాట. పోయినంత గాలీ మళ్లీ ఎక్కడినుంచో లోపలికి రావాలి కదా, తలుపు సందుల్లోంచి, లాకర్లలోంచి, ఇంజిన్ గదిలోంచి వస్తుంది. వేడిగా, తడిగా, డీజిల్ కంపుతో సహా! పైగా ఆ గొట్టం ఉండేది కేబిన్‌లోనే, చెయ్యి పెడితే సెగ తెలుస్తుంది. డబ్బా మీద 12,000 అని చూసి మురిసిపోకండి, అమెరికాలో 2017 నుంచి ఈ నష్టాలన్నీ లెక్కేసిన ఇంకో అంకె కూడా వేస్తున్నారు, ఎస్ఏసీసీ అంటారు, అది చూడండి. ఎప్పుడూ తక్కువే ఉంటుంది. నన్నడిగితే 5,000 బీటీయూ చిన్న విండో ఏసీని పడవ ముందు భాగంలోని హ్యాచ్ మీద ప్లైవుడ్ పెట్టెలో కూర్చోబెట్టండి. 450 వాట్ల దగ్గర తిరుగుతుంది, మీ పోర్టబుల్‌కి కిలోవాటు పైనే కావాలి.

లంగరు:
ముందు హ్యాచ్ మీద విండో ఏసీ పెట్టమనేవాళ్లెవరూ రాత్రి గ్యాలీలో మంట లేస్తే ఎటునుంచి బయటపడతారో మాత్రం చెప్పరు. వంటగది ఉండేది మెట్ల పక్కనే. మెట్ల దారి మూసుకుపోతే మిగిలేది ఆ ముందు హ్యాచ్ ఒక్కటే, దాని మీద ఇరవై కిలోల డబ్బా కట్టేసి పెడితే ఇంకేం బయటపడతాం? వానొస్తే అంచుల్లోంచి కారడం, బయల్దేరిన ప్రతిసారీ విప్పి లాకర్‌లో దాచడం సరే సరి. పోర్టబుల్ అన్నీ ఒకటే అని తీసిపారేయడం కూడా తప్పే. రెండు గొట్టాలున్నవి దొరుకుతాయి. ఒకదాంతో బయటి గాలి పీల్చి, రెండోదాంతో బయటికే వదులుతాయి, కేబిన్ గాలి జోలికి దాదాపు పోవు. జెట్టీ_వాసి గారు చెప్పిన గోలంతా ఒక గొట్టం రకానిది.

జెట్టీ_వాసి:
హ్యాచ్ సంగతి ఒప్పుకుంటా, అందుకే పెట్టె లోపలినుంచి ఒక్క తోపుకి పైకి లేచేలా చేసుకోవాలి. మరి రెండు గొట్టాల డబ్బాలో నీళ్ల మాటేంటి? గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు ఏసీ తీసిన నీరంతా అడుగు ట్రేలో చేరుతుంది. పక్కనుంచి ఓ స్పీడ్ బోట్ పోయిందంటే అలకి డబ్బా ఊగి ట్రే పొర్లింది, బెర్తు కుషన్ మూల తడిసి ఆ వాసన సీజన్ మొత్తం వదల్లేదు. పాతిక ముప్ఫై కిలోల బరువు, నడుము ఎత్తు, కింద చక్రాలు. పడవలో అలాంటి వస్తువు ఎవరైనా పెట్టుకుంటారా అండీ?

ఫ్యూజ్_పోయింది:
ట్రే సంగతికేం, డ్రెయిన్‌కి సన్న పైపు తగిలించి సింక్‌లోకో బకెట్‌లోకో వదిలితే సరి, చక్రాలు పీకేసి బెల్టుతో బల్క్‌హెడ్‌కి (కేబిన్ అడ్డగోడ) కట్టెయ్యండి. నా టెన్షన్ కరెంటుది. కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలుకన్నా కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. జెట్టీ దగ్గర ప్లగ్ పిన్నులు తీసి చూడండి, ఉప్పు పట్టి పచ్చగా ఉంటాయి, అలాంటి కనెక్షన్ మీద రాత్రంతా కిలోవాటు నడిపితే ప్లగ్ వేడెక్కి కరుగుతుంది. కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే లీకేజీ బ్రేకర్ లేకుండా అసలు మొదలుపెట్టొద్దు. లంగరేసినప్పటి లెక్క ఇంకా దారుణం. 450 వాట్ల ఏసీయే ఇన్వర్టర్ నష్టంతో కలిపి 12 వోల్టుల బ్యాటరీ నుంచి 40 ఆంపియర్లు దాటి లాగుతుంది. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి కాబట్టి గంటకి కాస్త పైన, అంతే. 200 ఏహెచ్ లిథియం ఉంటే నాలుగు గంటలు. తెల్లారేదాకా కావాలంటే జనరేటరే గతి.

ఆ జనరేటర్ దగ్గరే అసలు ప్రమాదం. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, రంగూ లేదు, వాసనా లేదు. ఒక గొట్టం పోర్టబుల్ కేబిన్ గాలిని బయటికి లాగేస్తుంటే లోపల ఒత్తిడి తగ్గి, బయట ఏ పొగ ఉంటే దాన్నే పీల్చుకుంటుంది. జనరేటర్ మీదే కానక్కర్లేదు, పక్క పడవది చాలు. చల్లగా లేకపోతే నిద్రపట్టదు, అంతే, ఇది మాత్రం ప్రాణం మీదికొస్తుంది. నా ఓటు ఒక గొట్టానికి పడదు, కారణం ఇదొక్కటే చాలు. ఏ ఏసీ కొన్నా కేబిన్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాల్సిందే.

సింపుల్‌గా:
ఇంత రచ్చ ఎందుకండీ, ఐస్‌బాక్స్‌కి రెండు కన్నాలు చేసి ఫ్యాన్ పెడితే చల్లగాలి వస్తుంది. లేదంటే చిన్న ఎయిర్ కూలర్.

ఫ్యూజ్_పోయింది:
కూలర్ నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది, పొడి గాలిలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నీటి మీద ఉన్న పడవలో గాలి ముందే తడి, కూలర్ పెడితే ఉన్న ఉక్క కాస్తా రెట్టింపవుతుంది. ఇక ఐస్ లెక్క చూడండి. కిలో ఐస్ కరగాలంటే 334 కిలోజౌళ్ల వేడి కావాలి, పది కిలోలకి సుమారు 930 వాట్ అవర్లు. 5,000 బీటీయూ ఏసీ ఒక గంటలో తీసేసే వేడి 1,465 వాట్ అవర్లు. అంటే పది కిలోల ఐస్ మోసుకొచ్చినా ఆ చిన్న ఏసీ చేసే నలభై నిమిషాల పనికి సరిపోదు. మొహం మీదికి ఊదుకోవడానికైతే ఓకే.

ఉప్పునీరు:
మీరంతా కాళ్ల కింద నీళ్లు పెట్టుకుని గాలితో కుస్తీ పడుతున్నారు. మెరైన్ ఏసీ పంపుతో సముద్రపు నీటిని లాగి కండెన్సర్‌ని చల్లబరుస్తుంది, గొట్టాలూ హ్యాచ్ పలకలూ ఏమీ ఉండవు, బెర్తు కింద కూర్చుంటుంది. రంధ్రం అంటే భయమెందుకో నాకర్థం కాదు, ఇంజిన్‌కీ టాయ్‌లెట్‌కీ ఇప్పటికే ఉన్నాయి కదా.

లంగరు:
ఉన్నాయి కాబట్టే ఇంకోటి వద్దనేది. ఆ పంపు స్ట్రెయినర్‌లో (నీటిని వడకట్టే జాలీ) నాచు, గుల్లలు పేరుకుంటే నీరు తగ్గి ఏసీ తనంతట తానే ఆగిపోతుంది, అదీ సరిగ్గా అర్ధరాత్రి. ఏడాదంతా పడవలోనే ఉండేవాళ్లకైతే నేనూ అదే చెప్తా. ఈయన ఉండేది వేసవి రాత్రులు కొన్ని. ఇంకోటి ఎవరూ అనలేదు, కొత్త పోర్టబుల్స్‌లో చాలావాటిలో ఆర్290 గ్యాస్ ఉంటుంది, అంటే ప్రొపేన్, మండే గ్యాస్. తక్కువే ఉంటుంది గానీ గాలికన్నా బరువు, లీకైతే పడవ అడుగుకే చేరుతుంది. లేబుల్ చూసి కొనండి.

చుక్కాని:
అందరికీ థాంక్స్. ఒక గొట్టం ఆలోచన మానేశా. లంగరేసినప్పుడు ఏసీ ఊసే లేదు, డెక్ మీద పందిరిగుడ్డ, హ్యాచ్‌లో గాలిని లోపలికి మళ్లించే గుడ్డ తెర, 12 వోల్టుల ఫ్యాన్లు రెండు, అంతే. జెట్టీలో మాత్రం రెండు గొట్టాలది, చిన్నది, ఆర్290 లేకుండా దొరికితే. హ్యాచ్‌కి బదులు మెట్ల తలుపు పలకల్లో ఒకటి తీసి దాని స్థానంలో గొట్టాలున్న ప్లైవుడ్ పలక పెడదామనుకుంటున్నా. ముందు హ్యాచ్ ఖాళీగానే ఉంటుంది.

జెట్టీ_వాసి:
నాకింకా విండో ఏసీయే నయమనిపిస్తోంది, సరే మీ ఇష్టం. ఆ పలకలో రెండు కన్నాలూ పక్కపక్కనే మాత్రం పెట్టొద్దు. వదిలే గొట్టం పైన, పీల్చే గొట్టం కింద, మధ్యలో వీలైనంత దూరం, మూతులు చెరోవైపు తిరిగి ఉండాలి. లేదంటే అది వదిలిన వేడినే మళ్లీ పీలుస్తుంది, మీరొచ్చి ఇక్కడ మమ్మల్ని తిడతారు.