పాత ఇంకు బొమ్మలు స్కాన్ చేసేటప్పుడు పెన్సిల్ గీతలు తీసేయాలా, ఉంచాలా?

పెన్నాతీరం (కడప):
మా నాన్న డ్రాయింగ్ మాస్టారు. గండికోట, సిద్ధవటం, పుష్పగిరి పోయి అక్కడే కూర్చుని పాళీతో, ఇండియన్ ఇంకుతో గీసిన బొమ్మలు 36 ఉన్నాయి. చిన్న పుస్తకంగా వేద్దామని స్కాన్ చేస్తున్నాను. కాగితం పసుపెక్కింది. ఇంకు కింద పెన్సిల్ కనిపిస్తోంది, తప్పు పోయినచోట తెల్ల పోస్టర్ కలర్ పూసిన మచ్చలున్నాయి. డీటీపీ అతను ఒకదాన్ని త్రెషోల్డ్ పెట్టి (ఒక హద్దు కన్నా ముదురుగా ఉన్నదంతా నలుపు, తేలికగా ఉన్నదంతా తెలుపు చేసేసి) పంపాడు. గండికోట లోయ గోడకు నాన్న దగ్గర దగ్గరగా వేసిన సన్నగీతలన్నీ కలిసి నల్లముద్ద అయ్యాయి. అవతలి గట్టు తేలిక గీతలైతే అసలు లేనేలేవు. చూసి కడుపు తరుక్కుపోయింది. శుభ్రం చేయడమంటే ఇదేనా? నాకైతే పెన్సిల్ గీత కూడా బొమ్మే.

అచ్చుపని (అనంతపురం):
తమ్ముడూ, 20 ఏళ్లుగా ఆఫ్‌సెట్ పనిలో ఉన్నా. ఆ పసుపు అలాగే ఉంచితే ప్లేటు మీద చుక్కలుగా పడుతుంది, గీత అంచు కూడా చుక్కలుగా విరుగుతుంది. 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు) ఒట్టి నలుపు తెలుపు చేస్తేనే పాళీ పదును అచ్చులో నిలుస్తుంది. ఇంకోమాట. తప్పు కనబడకూడదనే కదా మీ నాన్నగారు తెల్లరంగు పూసింది? అచ్చులో అది పడదని ఆయనకు తెలుసు. ఆయన దాచినదాన్ని మనం బయటపెట్టడం నాకు నచ్చదు.

కొండారెడ్డిబురుజు (కర్నూలు):
తప్పు త్రెషోల్డ్‌ది కాదు, దాన్ని మొదటే పెట్టడంది. కలర్‌లో, కనీసం 600 డీపీఐ, టిఫ్‌గా (నాణ్యత తగ్గని ఫైలుగా) మళ్లీ స్కాన్ చేయండి. జేపెగ్ వద్దు, గీతల చుట్టూ మురికి పడుతుంది. స్కానర్ తనంతట తాను అంచులకు పదును పెట్టే షార్పెనింగ్ ఆపేయండి. తర్వాత ఛానళ్లు (స్కాన్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలు) విడదీసి రెడ్ ఒక్కటే తీసుకోండి. పసుపు అందులో దాదాపు తెల్లగా వస్తుంది, ఇంకు నల్లగానే ఉంటుంది. బ్లూ ఛానల్‌లో అయితే మరకలన్నీ ఇంకా ముదురుతాయి. లెవెల్స్ (నలుపు, తెలుపుల మోతాదు) సరిచేసి, 1200కు పెంచి, చివర్లో త్రెషోల్డ్. అదీ బొమ్మ మొత్తానికి ఒకే అంకె పెట్టకండి. లోయ గోడకు వేరు, అవతలి గట్టుకు వేరు. కాగితం పల్చనైతే వెనక నల్ల అట్ట పెట్టండి, వెనకవైపు రాతలు కనబడవు.

పెన్నాతీరం:
సార్, రాత్రంతా కూర్చుని చేశా. లోయలో గీతకు గీత విడివిడిగా వచ్చింది! చాలా థ్యాంక్స్. తెల్లరంగు విషయంలో అన్న చెప్పిందే నిజం, ఒప్పుకుంటున్నా. అది కనబడనివ్వను. పెన్సిల్ దగ్గరే మనసొప్పడం లేదు. పుష్పగిరి బొమ్మలో గోపురాన్ని మొదట బొటనవేలంత ఎడమకు గీసి, తర్వాత జరిపారు. నాన్న చూపు ఎటునుంచి ఎటు కదిలిందో అక్కడ కనిపిస్తుంది.

అచ్చుపని:
ఆ కాగితాన్ని ఉన్నదున్నట్టు చివరి పేజీలో కలర్‌లో వేద్దాం. లోపలి పేజీల్లో మాత్రం పెన్సిల్ వద్దు.

పెన్నాతీరం:
సరే అన్నా. కానీ సిద్ధవటం బొమ్మ చూడు. కోట అంతా ఇంకు, దాని పక్కన పెన్నలో నీళ్లకు మాత్రం ఇంకు పెట్టలేదు, పెన్సిల్‌తోనే వదిలేశారు. అవి తీసేస్తే ఏరు ఎండిపోయినట్టుంది. ఆ పేజీ ఏం చేద్దాం?