స్టీవెన్స్ ఫేవరిట్ గొట్టం మీది 1894: తయారీ సంవత్సరమా, పేటెంటు తేదీయేనా?

ఒహాయో నుంచి ఒక సభ్యుడు:
మా వీధిలో ఒక పెద్దాయన పోయాక ఆ ఇంటివారు సామాను అమ్ముతున్నారు. అందులో స్టీవెన్స్ ఫేవరిట్ అనే ఒక చిన్న రైఫిల్ చూశాను. గొట్టం మీద జె. స్టీవెన్స్ ఎ అండ్ టి కంపెనీ, చికోపీ ఫాల్స్, మసాచుసెట్స్ అనీ, పేటెంటు ఏప్రిల్ 17, 94 అనీ ఉంది. దానికి కాస్త వెనుకగా 25 అనే అంకె ఉంది. ఇది 1894 నాటిదేనని అమ్మేవారు అంటున్నారు. 1968 నాటి అమెరికా తుపాకుల చట్టం 1898 చివరి వరకు తయారైనవాటిని ప్రాచీన ఆయుధాలుగా పరిగణిస్తుంది కనుక దీనికి ఏ కాగితమూ అక్కరలేదన్నది వారి వాదన. నాకూ అది సబబుగానే తోస్తోంది.

రెండవ సభ్యుడు:
ఆ వాదనను నేను ఒప్పుకోలేను. పేటెంటు తేదీ చెప్పేది ఒక్కటే: ఈ తుపాకీ అంతకు ముందు తయారై ఉండదని. ఆ తరువాత ఎన్నేళ్లకు తయారైందో అది చెప్పదు, ఎందుకంటే కంపెనీలు అదే ముద్రను ఏళ్ల తరబడి కొట్టాయి. పేరు కూడా ఇంతే. 1886లో ‘ఆర్మ్స్ అండ్ టూల్’ అయిన కంపెనీ, 1915లో వెస్టింగ్‌హౌస్ చేతికి వెళ్లాక ‘ఆర్మ్స్ కంపెనీ’గా మారింది. అంటే ఈ రెండు గుర్తులనూ బట్టి మీ రైఫిల్ 1894కూ 1915 ప్రాంతానికీ మధ్య ఎప్పటిదైనా కావచ్చు.

అసలు సాక్ష్యం ఆ 25 అంకె. అది .25 స్టీవెన్స్ రిమ్‌ఫైర్ తూటా, అంటే అడుగు అంచు మీద దెబ్బ పడితే పేలే రకం. 1900 ప్రాంతంలో వచ్చింది. లేని తూటా కోసం 1894లో ఎవరూ గొట్టం తొలచరు.

మూడవ సభ్యుడు:
మీ తర్కం గొట్టానికి వర్తిస్తుంది, ఫ్రేముకు, అంటే కాల్చే యంత్రాంగాన్ని పట్టి ఉంచే చట్రానికి కాదు. ఫేవరిట్ గొట్టం ఒక్క మర విప్పితే ఊడివస్తుంది, అరిగిపోయిన .22 గొట్టం తీసి .25 గొట్టం అమర్చుకోవడం ఆ రోజుల్లో కష్టమైన పని కాదు. చట్టం ముందు నిలిచేది ఫ్రేము గనుక, గొట్టం మీది అంకెను పట్టుకుని ఫ్రేము వయసు తేల్చడం తొందరపాటు.

రెండవ సభ్యుడు:
మంచి అభ్యంతరం, దాన్ని పరీక్షించే దారి కూడా ఉంది. గొట్టం కింద ఉండే ముందు చెక్క విప్పి, గొట్టం అడుగున ఉన్న నంబరునూ ఫ్రేము మీది నంబరునూ పోల్చండి. ఆ నంబరును బట్టి సంవత్సరం చెప్పే నమ్మదగిన పట్టిక ఫేవరిట్‌కు లేదు. అయినా రెండూ కలిశాయా, కలవలేదా అన్నది చాలా చెబుతుంది.

ఒహాయో సభ్యుడు:
అమ్మేవారి అనుమతితో నిన్న సాయంత్రం మర విప్పి చూశాను. చెక్క కింద దుమ్ము, ఎండిన నూనె గడ్డకట్టి ఉన్నాయి. గుడ్డతో తుడిచాక నంబరు కనబడింది. రెండు చోట్లా ఒకే నంబరు, అంకెల అచ్చు కూడా ఒకేలా ఉంది.

మూడవ సభ్యుడు:
అయితే గొట్టం మార్చారన్న నా అనుమానం చాలావరకు వీగిపోయింది. ఎవరైనా తరువాత నంబరు కొట్టి ఉండవచ్చు గానీ, అంత చవక రైఫిల్‌కు ఆ శ్రమ ఎవరు పడతారు?

రెండవ సభ్యుడు:
కనుక దీన్ని 1900 తరువాతిదిగానే లెక్కించి, మీ రాష్ట్ర నియమాలు కనుక్కుని, ఆధునిక తుపాకీకి పట్టే పద్ధతిలోనే బదిలీ చేయించుకోండి. చట్టంలో ప్రాచీన తుపాకులకు నకళ్లుగా చేసినవాటికి మినహాయింపు ఉన్నా, రిమ్‌ఫైర్ తూటా వాడేవాటికి అది దక్కదు. యాభై ఏళ్లు దాటింది కనుక సేకరణ వస్తువుల వర్గంలోకి మాత్రం వస్తుంది.

కాల్చాలన్న ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. .25 తూటాలు కర్మాగారాల నుంచి రావడం ఆగి దశాబ్దాలైంది. ఇది నల్ల తుపాకిమందు కాలం నాటి మెత్తని ఉక్కు. గొట్టం మార్చి నేటి వేగవంతమైన .22 తూటా పెడితే గొట్టం వెనుక భాగాన్ని మూసే బ్రీచ్ బ్లాక్ పిన్నుల మీద పడే దెబ్బను అది ఎన్నాళ్లో ఓర్చుకోలేదు.