గొంతు చూడకుండానే కాకినాడ రాసిచ్చేశారు. ఇదేం వైద్యం?

లంకకొబ్బరి: మా అన్నయ్య కొడుక్కి నాలుగేళ్లు. పొద్దున జ్వరం, సాయంత్రానికి మింగలేక చొంగ కార్చుకుంటున్నాడు. అమలాపురంలో ఓ ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు టార్చి కూడా వేయలేదు. తల్లి ఒళ్లోంచి దించొద్దు, పడుకోబెట్టొద్దు అని కాకినాడ రాసిచ్చేశారు. నోరు తెరిపించి చూస్తే ఏం పోయేది? పిల్లాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు, కానీ ఇది అడగాల్సిందే.

మత్తుడాక్టర్: చూడకపోవడమే సరైన పని అండి. జ్వరం, చొంగ, ముద్దగా మాట, దగ్గు లేకపోవడం, ముందుకు వంగి చేతులు ఆనించి కూర్చోవడం... ఇవన్నీ ఒక్కచోట కనిపిస్తే ఎపిగ్లాటైటిస్‌ని అనుమానించాలి. శ్వాసనాళం మీద మూతలా ఉండే భాగం వాచిపోతుంది. పుల్లతో నాలుక నొక్కినా, సూది వేసి ఏడిపించినా మిగిలిన ఆ కాస్త దారీ మూసుకుపోవచ్చు. థియేటర్లో మత్తు డాక్టరు, గొంతుకు కోత పెట్టగల ఈఎన్‌టీ డాక్టరు సిద్ధంగా ఉన్నాకే చూడాలి. దీన్ని ఎక్కువగా తెచ్చే హిబ్ అనే బ్యాక్టీరియాకి టీకా వచ్చాక బాగా తగ్గిన జబ్బు కాబట్టి కొత్త డాక్టర్లు చాలామంది దీన్ని చూసి ఉండరు. ఆయన గుర్తుపట్టారు.

లంకకొబ్బరి: మా ఊరి ఆర్‌ఎంపీ ఏళ్ల తరబడి చెంచాతో నొక్కే చూస్తున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

పులసప్రియ: ముల్లు ఇరుక్కుందేమో? అన్నం ముద్ద మింగించాల్సింది.

మత్తుడాక్టర్: వద్దండీ! ముల్లుకైనా ముద్ద మంచిది కాదు, ఇంకా లోతుగా దిగుతుంది. చొంగ కారే పిల్లాడికి నీళ్లు కూడా పట్టకూడదు. లంకకొబ్బరి గారూ, ఆ చెంచా మాట వదిలేయండి. బిడ్డను కాపాడిన మనిషిని తిడుతున్నారు మీరు.

లంకకొబ్బరి: కాపాడారా? అరవై కిలోమీటర్లండీ, రాత్రిపూట! వాడు ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో కీచుమని చప్పుడు. అంబులెన్సులో టెక్నీషియన్ ఒక్కడే. ఎదుర్లంక వంతెన మీద పెదాలు నీలంగా మారాయి. అక్కడే ఊపిరి ఆగిపోతే ట్యూబు వేసేదెవరు? మా వదిన ఒళ్లో పెట్టి పంపేసి చేతులు దులుపుకున్నారు.

మత్తుడాక్టర్: ఇది ముందే చెప్పాల్సింది. అలాంటి పిల్లాణ్ణి ట్యూబు వేయగల మనిషి తోడు లేకుండా పంపకూడదు. ఊపిరి ఆగితే మాస్కు గట్టిగా అదిమి బ్యాగుతో ఊదాలి, చాలాసార్లు గాలి వెళ్తుంది.

రాత్రిడ్యూటీ: నేను నర్సుని. ఆ డాక్టరు మీతో అంబులెన్సు ఎక్కితే వార్డులో ఉన్నవాళ్లకి దిక్కెవరు? రాత్రి ఉండేది ఒక్కరే.

లంకకొబ్బరి: ఆ రెండో డాక్టర్ని పెట్టాల్సింది మేమా అమ్మా?

రాత్రిడ్యూటీ: మీరు కాదు. ఆయనా కాదు.