పాత వజ్రాల బ్రూచ్‌కి కొక్కెం మార్చించాలా, వద్దా?

ముందు వెండి, వెనక బంగారం, రోజ్ కట్ (అడుగు చదునుగా, పైన పలకలతో గోపురంలా కోసిన) వజ్రాలు. 19వ శతాబ్దపు పనితనం, 14 గ్రాములు. వెనకున్నది తాళం లేని సి ఆకారపు కొక్కెం. సూది మధ్యకన్నా కిందుగా ఉండడంతో పట్టుబట్ట మీద పైభాగం ముందుకు వాలిపోతోంది. బట్ట లోపల చిన్న ఫెల్ట్ ముక్క పెడితే కాస్త నయం.

అసలు చిక్కు వేరే. సూది కీలు దగ్గర ఎవరో సీసపు టంకం వేశారు, బూడిదరంగులో ముద్దగా కనిపిస్తోంది. కొత్త కొక్కెం అతికేటప్పుడు మంట తగిలితే ఆ సీసం బంగారంలోకి దిగి గుంటలు పడతాయి. పైగా రాళ్ల వెనక మూసి ఉంది, లోపల తళుకు రేకు; శుభ్రం చేయడానికి నీళ్లలో ముంచడం, అల్ట్రాసోనిక్ (ద్రవంలో ధ్వని తరంగాలతో కడగడం) రెండూ కుదరవు.

సీసం పూర్తిగా గీకించి, లేజర్ వెల్డింగ్‌తో (మంట లేకుండా సన్నని కాంతిపుంజంతో అతికే పద్ధతి) తాళం పడే కొక్కెం వేయించినవాళ్లున్నారా? రాళ్లు విప్పకుండానే అయిందా? లేక సూది కొనకు తొడుగు, పక్కన సేఫ్టీ చైన్ చాలంటారా? పాత కొక్కెం తీయించడానికి నాకైతే మనసొప్పడం లేదు.