నాన్నగారి డబ్బుతో ఇద్దరి పేర్న ఇల్లు: నా వాటా ఎలా రాయించాలి?

అమలాపురం ఆడపడుచు: నాన్నగారి నుంచి నా వాటాగా వచ్చిన కొబ్బరితోట అమ్మితే 30 లక్షలు వచ్చాయి. కాకినాడలో 50 లక్షల ఇల్లు చూశాం, మిగతా 20 మావారు లోను తీస్తారు. దస్తావేజు ఇద్దరి పేర్నా ఉండాలి. నా 30 నాదేనని ఎలా నిలుస్తుంది?

దస్తావేజు లేఖరి, భీమవరం: అమ్మా, ఆ డబ్బు జాయింటు ఖాతాలో మాత్రం వెయ్యకండి. జీతంతో కలిసిందంటే ఏ రూపాయి ఎవరిదో తేల్చలేం. మీ ఒక్కరి ఖాతా నుంచే అమ్మేవారికి ఆర్టీజీఎస్ చేయండి. ధర 50 లక్షలు కాబట్టి 1 శాతం టీడీఎస్ (అమ్మేవారికి ఇచ్చే సొమ్ములోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) ఉంటుంది, ఎవరి వాటాకు వారే కట్టాలి. అంటే మీ నుంచి 29,70,000 అమ్మేవారికి, 30,000 ప్రభుత్వానికి. దస్తావేజులో ధర చెల్లింపు రాసే ప్రతిఫలం పేరాలో తేదీ, యూటీఆర్ నంబరు (ఆ బదిలీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) వేయించి, ఆ కిందే “అవిభక్త (విడగొట్టని) వాటా మీకు 60 శాతం, మీవారికి 40 శాతం” అని రాయించండి. ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఎవరి సొమ్ముకు తగ్గ వాటా వారిది. రుజువు లేకపోతే చెరిసగమే అనుకుంటారు.

అమలాపురం ఆడపడుచు: బయానా 5 లక్షలు మావారి ఖాతా నుంచి ఇచ్చేశామండి.

వకీలు, రాజమహేంద్రవరం: పర్వాలేదు, అది ఆయన 20లో చూపించండి. అప్పుడు లోను 15 చాలు. లోను కాగితాల మీద మీరూ సంతకం పెడితే మొత్తం బాకీకి మీరూ బాధ్యులే, కాబట్టి వాయిదాలు ఆయన ఖాతా నుంచే పోనివ్వండి. తోట అమ్మిన దస్తావేజు నకలు, బ్యాంకు ముద్ర వేసిన స్టేట్‌మెంటు దాచండి. వీలునామా కూడా రాయండి. వీలునామా రాయకుండా పోయిన, పిల్లలు లేని స్త్రీకి తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి తండ్రి వారసులకు చేరుతుందని 1956 హిందూ వారసత్వ చట్టం 15(2) చెబుతుంది. తోట కాస్తా ఇల్లయ్యాక ఆ నియమం దగ్గరే తగాదాలు మొదలవుతాయి.