సహాయకులు మారే వేళకే తమ్ముడికి కోపం, ఏం చేయాలి?

మా తమ్ముడికి 26 ఏళ్లు. ఆటిజం ఉంది, మాటలు రావు, బొమ్మల కార్డులు చూపించి అడుగుతాడు. ఏ సంస్థ ద్వారానూ కాకుండా ఇద్దరు సహాయకులను మేమే పెట్టుకున్నాం. జీతాలు, డ్యూటీలు, నేర్పించడం అన్నీ ఇంట్లోవాళ్లమే చూస్తాం. ఒకతను ఉదయం 8 నుంచి 4 వరకు, రెండో అతను 4 నుంచి రాత్రి 9 వరకు ఉంటారు.

ఆరు వారాలుగా సరిగ్గా నాలుగింటికే గొడవ. పగటి అతని చెప్పులు తెచ్చి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. తీసుకోబోతే చెయ్యి కొరుక్కుంటాడు. 20 నుంచి 40 నిమిషాలు అంతే, తర్వాత మామూలే. సహాయకులు రాని ఆదివారం ఈ ఇబ్బందే లేదు. సాయంత్రం అతనంటే పడదా అంటే అదీ కాదు, అయిదింటికల్లా ఇద్దరూ కలిసి నవ్వుకుంటూ ఉంటారు.

నొప్పేమో అని ముందే డాక్టరుకు చూపించాం. పళ్లు, చెవులు బాగానే ఉన్నాయి, మలబద్ధకం లేదు. మందులు కూడా మారలేదు. మధ్యాహ్నం నుంచే 'తర్వాత ఎవరు' అని ఫొటో కార్డు పెట్టాం, రెండు వారాలైనా తేడా లేదు. సహాయకులిద్దరూ 15 నిమిషాలు కలిసి ఉండేలా చేస్తే గొడవ ఇంకా పెరిగింది. వాడి పక్కనే నిలబడి వాడి సంగతులే మాట్లాడుకుంటుంటే నాకైనా చిరాకే కదా! ఇప్పుడు ఆ విషయాలు నోట్‌బుక్‌లో రాసుకుంటున్నారు. మాటలు తగ్గాయి కానీ చెప్పుల పట్టు వదల్లేదు.

మీలో ఇలా సొంతంగా నడుపుకునేవాళ్లు, వెళ్లే మనిషిని ఎలా పంపిస్తే మీవాళ్లు నెమ్మదిగా ఒప్పుకున్నారు?